ముర్రుపాలు

అంత చిన్న పిల్ల కడుపులో అంత పొడుగు పేగు ఉంటుందని జోజమ్మ అనుకోలేదు. డాక్టరు సుప్రజ తీస్తూ ఉంటే అది వస్తూనే ఉంది. పచ్చగుడ్డ మీద చుట్టలు చుట్టలుగా పరుస్తూ, మధ్యమధ్యలో ఒకచోట ఆగి రెండు వేళ్ళతో తడుముతూ, మళ్ళీ సాగదీస్తూ ఆమె మాట్లాడకుండా పని చేసుకుపోతోంది. జోజమ్మ పక్కనే గొంతుక్కూర్చుని నీళ్ళచెంబు పట్టుకుంది. పెద్దరసం మామిడిచెట్టు నీడ ఇద్దరికీ చాలడం లేదు. ఎండ జోజమ్మ వీపు మీదే ఉంది.

ఆల్పాకా పిల్ల అది. ఆ పేరు నోరు తిరగక ఊళ్ళో అందరూ ఒంటెగొర్రె అంటారు. మెడ ఒంటెది, ఒంటి మీది ఉన్ని గొర్రెది. విస్సన్నపేట రోడ్డు పక్కన తండ్రి ఇచ్చిన మామిడితోటలో సగం చదును చేయించి, కంచె కట్టి, రవితేజ ఒక పార్కు పెట్టాడు. నూజివీడు నుంచి, బెజవాడ నుంచి జనం కార్లేసుకుని వచ్చి, మామిడిచెట్ల కింద ఈ జంతువుల్ని నిమురుతూ ఫొటోలు తీసుకుంటారు. వాటికి మేత వేసేదీ, కొట్టం కడిగేదీ, ఎండ ముదిరితే గోనెలు తడిపి కిటికీలకు కట్టేదీ జోజమ్మే. అవన్నీ ఒకేచోట పేడ వేస్తాయని, మనిషి కంటే శుభ్రమని ఆమె ఇంటికెళ్ళి మొగుడికి గొప్పగా చెప్పేది.

ఈ పిల్ల ఆ తోటలో పుట్టిన మొదటి పిల్ల. వారం తిరిగిందో లేదో విరేచనాలు పట్టుకున్నాయి. రవితేజ రెండు రోజులు దాని పక్కనే గడ్డిలో కూర్చుని సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాడు. పొద్దున్న జోజమ్మ కొట్టం తలుపు తీసేసరికి దాని మెడ నేల మీద వాలిపోయి ఉంది.

సుప్రజ కత్తెరతో పేగులో ఒక చిన్న ముక్క కత్తిరించి, మందు వాసన కొట్టే నీళ్ళున్న సీసాలో వేసి మూత బిగించింది. ఇంకో చోట ఇంకో ముక్క. పశువైద్య కళాశాలలో పాఠాలు చెప్పే మనిషి ఆమె. ఆల్పాకా పిల్లల పేగుల్లో రోగాన్ని ఎదిరించే కణాలు ఎప్పుడు పుడతాయి, ఎలా చేరతాయి అన్నదే ఆమె పరిశోధన. రవితేజ వీటిని తెచ్చాడని తెలిసి తనంతట తానే వచ్చి పరిచయం చేసుకుంది. అప్పట్నుంచి డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తోంది.

"పుట్టిన రోజు తల్లి దగ్గర తాగిందా?" అని అడిగింది తలెత్తకుండా.

జోజమ్మ నోరు తెరిచింది.

"తాగింది మేడం," అన్నాడు వెనక నుంచి రవితేజ. "ఫుల్లుగా తాగింది."

జోజమ్మ నోరు మూసుకుంది. చెంబులో నీళ్ళ మీద ఎండుటాకు ముక్క ఒకటి తేలుతోంది. దాన్ని వేలితో తీసి పారేసింది. పిల్ల పుట్టిన రోజూ, పార్కు తెరిచిన రోజూ ఒకటే. తడి ఇంకా ఆరకుండానే, వణికే కాళ్ళ మీద లేచి అది తల్లి పొట్ట కింద వెతుక్కుంటూ ఉండగా, గేటు దగ్గరికి ఎత్తుకు రమ్మని కబురొచ్చింది. రిబ్బను కత్తిరించే పెద్దలు వచ్చేశారు. 'ఇంకా తాగలేదు బాబూ' అని ఆమె అంటే, 'అయిదు నిమిషాలే జోజమ్మా' అన్నాడు రవితేజ. ఆ అయిదు నిమిషాలు సాయంత్రం దాకా సాగాయి. ఏసీ గదిలో పరుపు మీద పడుకోబెట్టి, మెడలో పూలదండ వేసి, ఆకలికి అది అరిస్తే ప్యాకెట్ పాలు కాచి సీసాతో పట్టారు. తల్లి మాత్రం కంచె పొడుగునా అటూ ఇటూ తిరుగుతూ, మూసిన నోటితోనే మ్‌మ్ మ్‌మ్ అని మూలుగుతూనే ఉంది.

"అయితే ఎందుకు పోయింది మేడం?" అన్నాడు రవితేజ.

"ఏదో క్రిమి పేగుల్లో చేరింది. అది ఏదో, పిల్ల ఎందుకు తట్టుకోలేకపోయిందో ఈ ముక్కలు చూస్తేగానీ చెప్పలేను."

అతను కాసేపు ఆ పేగుల వంక చూశాడు. తర్వాత అతని చూపు కంచె దాటింది. అవతల గట్టు మీద జోజమ్మ మేకలు మేస్తున్నాయి. మధ్యాహ్నం ఇంటికెళ్ళేటప్పుడు తోలుకుపోవచ్చని ఆమె రోజూ అక్కడే వదులుతుంది. నుదుట తెల్లమచ్చ ఉన్న చూలు మేక, చుక్క, కంచె సందులోంచి మూతి పెట్టి రాలిన మామిడాకు అందుకుంటోంది.

"అవి నీవే కదూ?"

"మావే బాబూ. రోజూ అక్కడే కదా..."

"వాటిని ముట్టుకున్న చేతుల్తోనే నువ్వు దీన్ని ముట్టుకున్నావు."

"రవితేజ గారూ, ఇప్పుడే ఆ మాట అనకండి," అంది సుప్రజ.

"మరి ఇంకెలా వస్తుంది మేడం? ఇక్కడ అన్నీ కడుగుతున్నాం, తుడుస్తున్నాం. బయట నుంచి వచ్చేది అవొక్కటే." అతను జోజమ్మ వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపట్నుంచి రాకు. ఈ కంచె దరిదాపుల్లో ఆ మేకలు కనపడకూడదు."

చెట్ల మీద కోతకొచ్చిన మనుషులు కొమ్మల్లోంచి చూస్తున్నారు. ట్రేలు మోసే ఆడవాళ్ళు నెత్తి మీది బరువుతోనే ఆగిపోయారు. జోజమ్మ సుప్రజ చేతుల మీద నీళ్ళు పోసింది. ఆమె మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ ఉంటే ఆగి ఆగి పోసింది. చెంబు బోర్లించి చెట్టు మొదట్లో పెట్టింది. కొంగు దులుపుకుని, కంచె అవతలికెళ్ళి, మేకల్ని అదిలించుకుంటూ రోడ్డెక్కింది.

*

రవితేజ పెట్టిన వీడియో సంగతి జోజమ్మకి మొగుడు ఆరోగ్యం వల్ల తెలిసింది. అతను మామిడికోతకు వెళ్తాడు. దోటితో కాయ తెంపడంలో ఆ చుట్టుపక్కల అతనికి పేరుంది. ఆ సాయంత్రం తన ఫోన్‌లో వీడియోలు రావని ఎవరో తోటి కూలీ ఫోన్ అడిగి తీసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

అందులో రవితేజ మాట్లాడుతున్నాడు. పిల్ల పుట్టిన రోజు ఎంతమంది చూసి మురిసిపోయారో, ఇప్పుడు అది లేదని చెప్పడానికి తనకెంత బాధగా ఉందో చెప్పాడు. మధ్యలో ఆగి నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. మా దగ్గర పనిచేసే మనిషి మేకల నుంచి రోగం వచ్చింది, ఇకనుంచి అలాంటి పొరపాటు జరగనివ్వం, అన్నాడు. ఆ తర్వాత బొమ్మ మారింది. గట్టు మీద తన మేకలు. చుక్క చుట్టూ ఎర్రటి సున్నా.

"మన చుక్కే," అంది జోజమ్మ.

మర్నాటి నుంచి వాడలో తేడా కనపడింది. పక్కింటి సవరమ్మ ఎప్పుడూ గంజి, మామిడి తొక్కలు మేకలకని గోడ మీంచి అందించేది. ఆ రోజు తొక్కలు వీధిలో పారబోసింది. "మా కోడలు నీళ్ళోసుకునుంది వదినా. నీకు చెప్పేదేముంది? మేకల్ని కాస్త అటు వేపు కట్టుకో," అంది. పండక్కి రెండు పోతుల్ని కొంటానన్న నూజివీడు బేరగాడు ఫోన్ ఎత్తలేదు. ఆదివారం గుడిలో పూజ అయ్యాక మరియమ్మ స్వరూపం దగ్గర ఆడవాళ్ళు మామూలుగానే పలకరించారు గానీ, మేకల మాట ఎవరూ ఎత్తలేదు. అంతకు ముందు అందరూ చుక్క ఎప్పుడు ఈనుతుందని అడిగేవాళ్ళే.

"అమ్మేద్దాం," అన్నాడు ఆరోగ్యం అన్నం ముందు కూర్చుని. "ఎంతకొస్తే అంతకి. హనుమాన్ జంక్షన్‌లో ఎవరికి తెలుస్తుంది?"

"చూల్దాన్ని ఎవడు కొంటాడు? కోతకిస్తావా?"

అతను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "నువ్వా రోజు నోరిప్పి ఉండాల్సింది. పొద్దుట్నుంచీ దాన్ని తల్లికి దూరం పెట్టింది ఆయన. నువ్వు నాకు చెప్పావు కదే. అక్కడెందుకు చెప్పలేదు?"

జోజమ్మ గిన్నెలో మిగిలిన అన్నం మీద మూత పెట్టింది. తనకీ అదే ప్రశ్న. డాక్టరమ్మ అడిగినప్పుడు నాలుక చివరి దాకా వచ్చిన మాట, అతని గొంతు వినగానే ఎందుకు వెనక్కి పోయిందో ఆమెకే తెలియలేదు.

*

సుప్రజ జోజమ్మ ఉండే వాడ వెతుక్కుంటూ స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీసి, తడిక దగ్గరే నిలబడి, "జోజమ్మగారూ, లోపలికి రావచ్చా?" అంది. జోజమ్మ కంగారుగా మంచం మీద దుప్పటి సర్దింది. సుప్రజ మంచం మీద కూర్చోకుండా ముందు మేకల దగ్గరికెళ్ళింది. ఒక్కోదాని పేడ కొంచెం కొంచెం తీసి డబ్బాల్లో వేసుకుంది. చుక్క కంటి రెప్ప కిందికి లాగి చూసింది, పొట్ట మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది.

"రోజుల్లో పడింది. రెండున్నాయి అనుకుంటా," అంది.

తర్వాత మంచం మీద కూర్చుని ఫోన్ తీసింది.

"మీకొకటి చూపించాలి. ఇది ఆ పిల్ల పేగు గోడ. పల్చగా కోసి, రంగు వేసి, భూతద్దం కింద పెట్టి తీసిన ఫొటో."

జోజమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వంగింది. గులాబీ రంగులో, వేళ్ళలాగా లేచి నిలబడ్డవి కనిపించాయి వరసగా.

"ఈ వేళ్ళలాంటివి తిన్నదాన్ని పీల్చుకుంటాయి. వీటి మధ్యన నీలంగా చుక్కలున్నాయి చూడండి. అవి కాపలా కణాలు. నోట్లోంచి ఏ రోగం లోపలికి వచ్చినా ముందు అడ్డుపడేది అవే."

"రెండో మూడో ఉన్నాయి, అంతే కదమ్మా?"

"అంతే. ఇప్పుడు ఇది చూడండి. ఇది వేరే చోట నుంచి వచ్చింది, కొన్ని నెలల వయసున్న పిల్లది."

రెండో ఫొటోలో నేరేడుపళ్ళు రాలిన నేలలా ఎటు చూసినా నీలమే. జోజమ్మ చాలాసేపు చూసింది.

"ఈ పిల్లలు పుట్టేటప్పుడు పేగుల్లో కాపలా దాదాపు ఉండదు," అంది సుప్రజ. "రోజుల్లో రాదు కూడా. పాలు తాగుతూ, గడ్డి కొరుకుతూ, మట్టి నాకుతూ ఉంటే వారాల మీద ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అవి చేరేదాకా దాన్ని కాచేది తల్లి ముర్రుపాలే. మనిషి బిడ్డకైతే కడుపులో ఉండగానే తల్లి రక్తంలోంచి కొంత రక్షణ వస్తుంది. వీటికి రాదు. పుట్టాక తాగాల్సిందే, అదీ మొదటి రోజే. ఆ తర్వాత పేగు తలుపు వేసుకుంటుంది. ఎన్ని తాగినా ఆ రక్షణ ఒంట్లోకి పోదు."

"మేకలకీ అంతేనా?"

"మేకలకీ అంతే. గేదెలకీ అంతే." ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది. "అది పోయే ముందు రోజు నేను రక్తం తీశాను, గుర్తుందా? అందులో తల్లి ఇచ్చింది ఏమీ లేదు. అది తాగలేదు కదా?"

ఈసారి వెనక ఎవరూ లేరు. చుక్క నెమరు వేస్తున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

"లేదమ్మా," అంది జోజమ్మ. "తాగబోయింది. రెండుసార్లు మూతి పెట్టింది. ఈలోగా తెమ్మన్నారు. నేనే ఎత్తుకెళ్ళాను. దారి పొడుగునా నా మోచెయ్యి చప్పరిస్తానే ఉంది."

"ఆ రోజు చెట్టు కింద చెప్పలేదేం?"

"అడిగింది మీరు. జవాబు చెప్పింది ఆయన. ఆయన అన్నాక నేనింకోటి అంటే నా మాట ఎవరు నమ్ముతారమ్మా?"

సుప్రజ హెల్మెట్ పట్టీ వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"ఆయనకి చెప్తారా?" అని జోజమ్మే అడిగింది.

"చెప్పే వస్తున్నాను. రక్తం సంగతీ చెప్పాను, వీడియో తీసేయమనీ చెప్పాను. తాగే ఉంటుంది మేడం, అన్నాడు. వీడియో సంగతి చూద్దాం అన్నాడు." ఆమె లేచింది. "చుక్క ఈనితే నాకో ఫోన్ చేయించండి."

జోజమ్మ ఆమెకు నాలుగు చిన్నరసం మామిడిపళ్ళు సంచిలో వేసి ఇచ్చింది. వద్దనకుండా తీసుకుంది.

*

చుక్క పొద్దున ఈనింది. మొదటి పిల్ల సునాయాసంగా వచ్చింది. రెండోది సన్నగా, తడి ముద్దలా జారి పడి, కాసేపు కదల్లేదు. జోజమ్మ దాని ముక్కులో జిగురు వేలితో తీసి, తలకిందులుగా పట్టుకుని, ఎండుగడ్డితో వీపంతా గట్టిగా రుద్దింది. తుమ్మింది. "అమ్మయ్య," అనుకుని దాన్ని తల్లి ముందు పెట్టింది. చుక్క నాకడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్ళుగా ఎన్ని మేకలు ఈనాయో, ఎన్ని పిల్లల్ని ఆమె పొదుగు దగ్గరికి నెట్టిందో లెక్కలేదు. కానీ ఆ రోజు పిల్లల్ని పొదుగుకి పట్టేటప్పుడు ఆమె చెయ్యి కొత్తగా జాగ్రత్త పడింది. ముందు చన్నుల్ని వేడినీళ్ళ గుడ్డతో తుడిచింది. కొనల్లో గడ్డకట్టిన మైనం లాంటిది పిండి తీసేసింది. పసుపు రంగులో, తేనెలా చిక్కగా, ముర్రుపాలు వేళ్ళ మీద సాగాయి. పెద్దపిల్ల తనే అందుకుంది. చిన్నదాని నోరు తెరిచి పెట్టి, గొంతు కింద నిమిరింది. అది గుటక వేసేదాకా చూసింది.

ఎండ ముదిరింది. ఆరోగ్యం తోటలో పని ఆపి అన్నానికి వచ్చేసరికి ఫోన్ మోగింది. అతనే ఎత్తాడు. వింటూ వింటూ మొహం గట్టిపడింది. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు చూశాడు.

"డాక్టరమ్మ. పార్కులో రెండో ఒంటెగొర్రె ఈనిందంట. ఈ ఎండకి తల్లి పడిపోయిందంట. పొదుగులో ఒక్క బొట్టు పాలు లేవంట."

జోజమ్మ చేతిలో గడ్డి పరక అలాగే ఉండిపోయింది.

"మన చుక్క ఈనిందా అని అడుగుతుంది. మేక ముర్రుపాలు పట్టొచ్చంట దానికి." అతను ఒక్కసారిగా గొంతు పెంచాడు. "ఈనలేదని చెప్పేస్తున్నా. మన మేకల గాలి తగిలితేనే చస్తాయన్నాడుగా! ఊరూవాడా చాటించాడుగా! ఇప్పుడు పాలు కావాల్సొచ్చినయ్యా?"

"ఇటివ్వు."

"జోజీ, వద్దు."

"పిల్లేం చేసిందయ్యా?" అంది. అతను ఫోన్ ఇవ్వలేదు గానీ చెయ్యి సడలించాడు. ఆమె తీసుకుంది. "డాక్టరమ్మా, చుక్క పొద్దున్నే ఈనింది. కానీ నేనా గేటు లోపలికి రాను."

"మీరు రావొద్దు," అంది సుప్రజ అవతల నుంచి. ఆమె వగరుస్తోంది. "పిల్లనే తీసుకొస్తాం. మొదటిది పోయిన కొట్టం ఇది, దీన్ని ఇక్కడ ఉంచడమే ప్రమాదం. మీ మేకల పేడ చూశాను, ఆ క్రిమి వాటిలో లేదు. ఆయనకి ఇందాకే చెప్పాను. తీసుకురమ్మంటారా?"

జోజమ్మ చుక్క వైపు చూసింది. పొదుగు ఇంకా నిండుగానే ఉంది. చిన్నపిల్ల తల్లి కాళ్ళ మధ్య ముడుచుకుని పడుకుంది.

"తీసుకురండి."

ఆరోగ్యం వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి, ఎవరూ చెప్పకుండానే, పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. "మన పిల్లలకి చాలతాయా?" అన్నాడు నిప్పు ఎగదోస్తూ.

"ముందు వీటి కడుపు నిండుద్ది. ఆ తర్వాతే దానికి."

*

కారు వాడలోకి రావడానికి దారి చాలక సందు మొదట్లోనే ఆగింది. తువ్వాలులో చుట్టిన పిల్లని గుండెకి అదుముకుని రవితేజ నడిచొచ్చాడు. వెనక సంచితో సుప్రజ. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. పొడుగాటి మెడ తువ్వాలులోంచి బయటికి వేలాడుతోంది.

తడిక దగ్గర జోజమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆగండి బాబూ."

అతను ఆగాడు.

"ఆ కొట్టంలోంచి వస్తున్నారు మీరు. మా పిల్లలు పొద్దున పుట్టినయి. కాళ్ళూ చేతులూ సబ్బుతో కడుక్కోండి. ఆ చొక్కా కూడా తీసేయండి."

కుర్చీ మీద సబ్బు ఉంది, పక్కన బకెట్టులో వేడినీళ్ళు. రవితేజ ఆమె మొహంలోకి చూశాడు. కోపం కోసం వెతికినట్టు చూశాడు. అక్కడ కోపం లేదు. తడిక మీద పెట్టిన ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఆమె చెప్పింది నిజమే," అంది సుప్రజ. అప్పటికే చెప్పులు విప్పి సబ్బు అందుకుంది. "ఈ మేకపిల్లల పేగులూ అంతే. వాటికీ కాపలా లేదు ఇంకా. మన నుంచి వీటికి రోగం వస్తుంది."

సుప్రజ చేతులు కడుక్కుని, తువ్వాలు మార్చి, పిల్లని అందుకుంది. రవితేజ ప్యాంటు పైకి మడిచాడు. వాడంతా చూస్తూ ఉండగా సందులో వంగి, పాదాలు, వేళ్ళ సందులు, మోకాళ్ళ దాకా రుద్దుకున్నాడు. చొక్కా విప్పి ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకున్నాడు. ఆరోగ్యం దండెం మీంచి ఉతికిన తన చొక్కా తీసి, అతని భుజం మీద వేశాడు. అది అతనికి బిగుతైంది. గుండీలు పట్టలేదు.

జోజమ్మ తడిక తీసింది.

లోపల చుక్క పొదుగు కింద పెద్దపిల్ల తాగుతోంది. జోజమ్మ గొంతుక్కూర్చుని చిన్నదాన్ని రెండో చన్నుకి పట్టింది. అది బద్ధకంగా ఉంది. రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. ఆమె మళ్ళీ పట్టింది. మళ్ళీ వదిలేసింది. మళ్ళీ పట్టింది.

ఆల్పాకా పిల్ల సుప్రజ చేతుల్లో తల తిప్పి ఆమె చీర కుచ్చిళ్ళలో మూతి పెట్టి వెతుకుతోంది. రవితేజ దానివైపు చూశాడు, మేకవైపు చూశాడు.

"జోజమ్మా, టైం అయిపోతోందేమో..."

"ముందు వీటివి బాబూ."

అతను వెనక్కి తగ్గి, గోడ నీడ కూడా లేని చోట నిలబడ్డాడు. మేకపిల్ల తాగుతూ ఉంది. గోడ మీంచి సవరమ్మ తల కనపడింది. చాలాసేపు చూసి ఇక ఉండబట్టలేక, ఆమె నేరుగా అతన్నే అడిగింది.

"ఏంటి బాబూ, మేకల రోగం అన్నారుగా మీరు? మళ్ళీ వాటి పాలే పట్టడానికొచ్చారేంటి?"

ఆమె గొంతులో వెటకారం లేదు. తెలుసుకోవాలన్న ఆత్రమే ఉంది. సుప్రజ తలెత్తి రవితేజని చూసింది. జోజమ్మ తలెత్తలేదు. ఆమె వేళ్ళు పిల్ల గొంతు కింద నిమురుతూనే ఉన్నాయి.

"రోగం మేకలది కాదండీ," అన్నాడు రవితేజ.

సవరమ్మ ఇంకా చూస్తూనే ఉంది.

"మొదటి పిల్ల తల్లి పాలు తాగలేదు. నేనే తాగనివ్వలేదు. ఫొటోలకని ఎత్తుకు రమ్మన్నాను." అతను ఆగి, తల వంచుకుని, "జోజమ్మ చెప్పింది కూడా, ఇంకా తాగలేదని," అన్నాడు.

"మరి ఆ వీడియో?" అన్నాడు ఆరోగ్యం పొయ్యి దగ్గర నుంచి.

"తీసేస్తాను."

"తీసేస్తే చాలదు బాబూ. చూసినోళ్ళు చూశారు. వాళ్ళకి చెప్పాలి."

"చెప్తాను. ఇప్పుడు చెప్పినట్టే చెప్తాను."

ఆరోగ్యం కాచిన సీసా, రబ్బరు పీక వేడినీళ్ళలోంచి తీసి, విదిలించి, భార్యకి అందించాడు.

చిన్నపిల్ల చన్ను వదిలేసి, మూతి చుట్టూ నురగతో, గడ్డిలో వాలింది. జోజమ్మ దాని పొట్ట వేళ్ళతో నొక్కి చూసింది. నిండింది. అప్పుడు గిన్నె పెట్టుకుని పితకడం మొదలుపెట్టింది. చిక్కటి పసుపు ధార గిన్నె అడుగున చప్పుడు చేయకుండా పడింది. సుప్రజ దాన్ని వడకట్టి సీసాలో పోసింది.

"కూర్చుని పట్టండి బాబూ. నిలబడి పడితే పొలమారుద్ది," అంది జోజమ్మ.

రవితేజ నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పిల్లని ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదట పీక నోట్లోకి పోలేదు. జోజమ్మ వంగి, దాని దవడ పక్కన వేలు పెట్టి నోరు తెరిచింది. మెడ కింద చెయ్యి ఎలా ఉంచాలో అతని చెయ్యి పట్టుకుని చూపించింది. ఒక గుటక. ఆగింది. ఇంకో గుటక. ఆ తర్వాత ఆగలేదు. పొడుగాటి మెడలో ఒక్కో గుటకా కిందికి దిగడం పైకి కనపడుతోంది.

అతని జేబులో ఫోన్ మోగింది. సుప్రజ తీసి అతని చెవికి ఆనించింది. పార్కులో తల్లి దగ్గర ఉన్న మనిషి గొంతు అది. మాటలు జోజమ్మకి వినపడలేదు. అతను "ఊఁ" అన్నాడు. మళ్ళీ "ఊఁ" అన్నాడు.

"పోయిందంట మేడం," అన్నాడు. లేవడానికన్నట్టు మోకాలు ఎత్తాడు.

జోజమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"కదలకండి బాబూ. తాగనీయండి."

అతను కదల్లేదు. పిల్ల కళ్ళు మూసుకుని తాగుతోంది. అతని చెంపల మీంచి కారినవి బిగుతు చొక్కా మీద పడుతున్నాయి. రెండు చేతులూ ఖాళీ లేక తుడుచుకోలేదు. సీసాలో పాలు తగ్గుతూ తగ్గుతూ, చివర బుడగలు వచ్చాయి.

"సాయంత్రం లోపల ఇంకా రెండుసార్లు పట్టాలి," అంది సుప్రజ మెల్లగా. "రెండ్రోజులాగి రక్తం చూస్తాను. ఆ తర్వాత దాని కాపలా అది తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది."

రవితేజ ఒళ్ళో నిద్రపోతున్న దాన్ని చూశాడు. తర్వాత జోజమ్మని చూశాడు. ఆ కొట్టంలో ఇప్పుడు దీనికి తల్లి లేదు.

"దీన్ని ఎక్కడ పెట్టను?"

అప్పటికే ఆరోగ్యం మేకపిల్లల పక్కన కొత్తగడ్డి పరిచి, పైన తడిగోనె పందిరిలా కడుతున్నాడు.

"ఇక్కడ," అంది జోజమ్మ. గిన్నె బోర్లించి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "కాపలా వచ్చేదాకా ఇక్కడే ఉంటది. మీరు రోజూ వచ్చి పాలు పట్టి పొండి."